ఏడో తుపాకి

కోస్తినా,
జనవరి 21

నాలుగో అంతస్తు నివాసులు, మేనమామల్లో శ్రేష్ఠులు అయిన దోబ్రి మావయ్య గారి సముఖానికి,

మేనల్లుడు రదన్ వినయపూర్వకంగా రాసుకుంటున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం తెలుసుకుందామని ఫోను చేస్తే "బాగున్నాం, పెట్టేయ్" అంటారు. అందుకే కాగితం కొన్నాను. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేరు కదా. ఇక్కడితో తమరూ మీరూ అయిపోయాయి, నువ్వులోకి దిగుతున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరే నీకొక మూట కూడా ఇస్తాడు. అందులో అడవిపంది తొడ మాంసం ఉంది. అది నీకు రావడానికి కారణం నేను చేసిన ఒక ఘోరం.

మొన్న ఆదివారం ఈ ఏటికి ఆఖరి వేట. ఒక్కటే పంది పడింది, మిన్చో బాబాయ్ కొట్టాడు. "దోబ్రి ఉంటే ఇది నాదాకా వచ్చేది కాదు" అని జట్టు పెద్ద హోదాలో తనే ఒప్పుకున్నాడు, రాసి పెట్టుకో. మాంసం కుప్పలు వేశారు. మనిషికొక కుప్ప, టార్పాలిన్ మీద. వీపు తిప్పుకుని పేర్లు పిలిచే ఉద్యోగం జట్టులో అందరికంటే చిన్నవాడిది కనుక అది నాదే. ఇరవై ఆరేళ్లు వచ్చాయి, నా తర్వాత ఈ ఊళ్లో ఎవరూ పుట్టకపోతే నేనేం చెయ్యను? బాబాయ్ ఒక్కో కుప్ప మీద కత్తి ఆనించి "ఇది ఎవరికి?" అంటున్నాడు. నేను చెట్టుకేసి చూస్తూ ఒక్కో పేరు చెబుతున్నాను. ఐదో కుప్ప దగ్గర నా నోరు, నన్ను అడగకుండానే, "దోబ్రి మావయ్యకి" అంది.

వెనక కత్తి టార్పాలిన్ మీద పెట్టిన చప్పుడు.

"ఒరే, దోబ్రి బుర్గాస్‌లో ఉన్నాడు," అన్నాడు బాబాయ్.

"తెలుసు బాబాయ్."

"తెలిస్తే ఎందుకు పిలిచావు?"

"నేను పిలవలేదు, నోటికి అలవాటు."

"పిలిచిన పేరు వెనక్కి తీసుకోకూడదని కూడా ఆ నోటికి తెలుసా?"

తెలుసు. చివరికి కుప్పలు అయిపోయాయి, నేను మిగిలాను. స్పాస్ తన కుక్క వంతులోంచి చిన్న ముక్క ఇప్పిస్తానన్నాడు. కుక్క మొహం చూసి వద్దన్నాను.

ఇక అసలు సంగతి. జిల్లా వేటగాళ్ల సంఘం నుంచి కాగితం వచ్చింది. జట్టు కార్యదర్శిని కనుక (నాకు తుపాకి లేదు, లైసెన్సు లేదు, టైపు వచ్చు) మిన్చో బాబాయ్ వసారాలో నిలబడి చదివాను. లైసెన్సు ఫీజు ఈ ఏడు నూట ఇరవై లేవాలు కాదు, రెండు వందల నలభై. చదవడం అయ్యాక ఒక్కడు కూడా బూతు తిట్టలేదు. అప్పుడు నాకు భయం వేసింది మావయ్యా. మనవాళ్లు తిట్టకుండా ఒక కాగితం విన్నారంటే అది లోపలికి దిగిందన్నమాట. కాసేపటికి స్పాస్, "ఆ డబ్బుకి పందిని కూడా వాళ్లే పట్టిస్తారా?" అన్నాడు. ఇద్దరు టోపీలు పెట్టుకుని లేచిపోయారు.

ఇప్పుడు లెక్క నీతో కలిపి ఎనిమిది. ఏడు తుపాకుల కంటే తగ్గితే జట్టు రద్దు. మన అడవిని కింది ఊరు దోలెత్స్ వాళ్లకి కలిపేస్తారు. అంటే నువ్వు పంది కోసం కాచుకునే మాటులో వాళ్ల బేకరీ ఆయన కూర్చుంటాడు. ఆయన మాటులో సిగరెట్టు కాలుస్తాడట. మార్చి ఆఖరు గడువు. నీ పేరు రాసుకోనా?

పేనా అత్తకి నా ముద్దులు.

రదన్


బుర్గాస్,
ఫిబ్రవరి 4

అల్లుడూ,

మాంసం అందింది. నేను లేని వేటలో మాంసం నేను తినను. కానీ పిలిచిన పేరు పిలిచినట్టే, అందుకని తిన్నాను. ఆల్‌బుఖారా పళ్లు వేసి వండాను. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటామె పైకి వచ్చి ఏమిటీ వాసన అంది. అడవి అన్నాను. కిటికీ తెరుచుకోమని చెప్పి వెళ్లింది. మీ అత్తకి అగ్గిపెట్టంత ముక్క తినొచ్చన్నారు, ఉప్పు లేకుండా. తింది. మిగతాది వాసన చూసింది.

ఏడాది దాటింది, అదే వరస. మంగళ, గురు, శని ఆసుపత్రి. ఆవిడ నాలుగు గంటలు కిడ్నీల మెషీను దగ్గర, నేను బయట బల్ల మీద. అక్కడ గట్టిగా మాట్లాడకూడదని గోడ మీద రాశారు. గోడ మీద రాయకపోయినా నేను మాట్లాడేది లేదు. ఆదివారం ఖాళీ. ఆదివారమే కష్టంగా ఉంటుంది.

కిటికీలోంచి ఓడరేవు క్రేన్లు కనబడతాయి. వాటి వెనక సముద్రం. చూడ్డానికి బాగుంటుందని ఇక్కడివాళ్లు అంటారు. దానిమీద ఒక్క అడుగుజాడ నిలవదు, ఏం చూడాలి.

ఫీజు సంగతి. రాసుకో.

కాదు, ఆగు. ఇప్పుడే రాసుకోకు. మార్చి దాకా ఉందన్నావు కదా.

నువ్వొకసారి నా మాటు దగ్గరికి వెళ్లి రా. వాగు దాటాక ఎడమకి, పిడుగు పడ్డ ఓక్ చెట్టు. గాలి ఎటు నుంచి వస్తోంది, పందులు ఇంకా ఆ బురదలోనే పొర్లుతున్నాయా, పడిపోయిన మానుని ఎవరైనా ఎత్తుకుపోయారా, ఇవి రాయి. కథలు వద్దు.

దోబ్రి


కోస్తినా,
ఫిబ్రవరి 23

గౌరవనీయులైన మావయ్య గారికి,

విషయం: మాటు తనిఖీ నివేదిక.

తమ ఆదేశానుసారం, కింద సంతకం చేసినవాడు ఆదివారం ఉదయం రబ్బరు బూట్లతో బయలుదేరి, వాగులో ఒకసారి పూర్తిగా, ఒకసారి పాక్షికంగా పడి, పిడుగు పడ్డ ఓక్ చెట్టుకి చేరాడు. గాలి: ఉత్తరం నుంచి, చెవులు తెగేలా. బురద: ఉంది, పొర్లుతున్నాయి, పక్కన చెట్టు మొదలుకి నా నడుమెత్తున మట్టి రాసుకుని ఉంది. కొత్తది. మాను: అక్కడే ఉంది. నువ్వు కూర్చునే చోట నున్నగా అరిగి ఉంది. కొలిచాను. తమరి పిరుదుల వెడల్పు ప్రభుత్వ రికార్డులో చేర్చబడును.

కథలు వద్దన్నావు కానీ ఒకటి చెప్పాలి. చూసి వచ్చేద్దామనుకున్నాను. నిలబడ్డాను. కాసేపటికి అడవి నన్ను మర్చిపోయింది. ముందు పిట్టలు మొదలయ్యాయి, తర్వాత ఒక నక్క వచ్చి నా బూటు వాసన చూసినంత పని చేసి వెళ్లింది. కాళ్లు మొద్దుబారాయని తెలిసేసరికి గంట దాటింది. ఇన్నేళ్లుగా నేను అరుస్తూ పందుల్ని మాటుల వైపు తోలేవాళ్లలో ఒకణ్ణి. అడవిని ఎప్పుడూ నిద్రలేపుతూనే చూశాను. అది నన్ను లెక్కచెయ్యకుండా తన పని తాను చేసుకోవడం చూడలేదు. నువ్వు ముప్పై ఏళ్లు చూసింది ఇదా? ఇంట్లో నీ పక్కన కూర్చుంటే ఒక్క మాట రాదెందుకని అమ్మ అంటుంది. ఇప్పుడు కొంచెం అర్థమైంది.

వార్త: స్పాస్ మానేశాడు. కుక్కని దోలెత్స్ వాళ్లకి ఇచ్చేశాడు. ఇచ్చిన రోజు పంచాయతీలో నా ఆఫీసుకొచ్చి, ఏ పనీ లేకుండా అరగంట కూర్చుని, "పంచాయతీ గోడలకి రంగు వెయ్యాలిరా" అని వెళ్లిపోయాడు.

అంటే ఆరుగురు, నువ్వు ఏడు. మిన్చో బాబాయ్ "మేమే తలా కాస్త వేసి దోబ్రిది కట్టేద్దాం" అన్నాడు. "ఆ మాట అతని మొహం మీద ఎవరు చెబుతారు?" అన్నాను. వసారాలో అందరూ ఒకేసారి బూట్ల లేసులు సర్దుకున్నారు.

అందుకని నేనే ఉత్తరంలో చెబుతున్నాను. దూరంగా ఉన్నాను కనుక.

రదన్


బుర్గాస్,
మార్చి 6

నాయనా రదన్,

నేను పేనా అత్తని. మెషీను దగ్గర ఉండి ఎడం చేత్తో రాస్తున్నాను, అక్షరాలకి నవ్వకు. మీ మావయ్య బయట బల్ల మీద ఉన్నాడు, తెలియకూడదు. నర్సు పోస్టు చేస్తానంది.

మీరందరూ తలా కాస్త వేస్తామన్నారని చదివి ఆ రోజంతా నాతో కూడా మాట్లాడలేదు. కోపం కాదు. అంతకంటే పెద్దది. అప్పుడు నాకు తెలిసింది, ఆయన జనవరి నుంచే దాస్తున్నాడు. సిగరెట్లు మానేశాడు, ఆరోగ్యం కోసమని నాతో అన్నాడు. ఆసుపత్రి నుంచి నన్ను బస్సు ఎక్కించి తను నడిచి వస్తాడు, గాలి కోసమట. ఆ మోకాలితో. పాత వేటబూటులో మేజోడు, మేజోడులో డబ్బు. నేను చూశానని తెలియదు.

ఒరే, ఆయన కొంటున్నది వెళ్లలేని వేట. నన్ను వదిలి ఒక్క రోజు కదలడు. ఆదివారం వెళ్లిరమ్మంటే, బస్సు కుదరదంటాడు. బస్సు ఉంది. నేను కనుక్కున్నాను.

ఇంకోటి కూడా చెబుతున్నాను, నీ కడుపులో పెట్టుకో. కిందటి శీతాకాలం నుంచి ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. పులుసు తాగుతుంటే సగం మీసానికే. నేను చూడకూడదని గిన్నె ఎత్తి తాగుతాడు, మా ఊళ్లో ఇలాగే తాగేవాళ్లమని కొత్తగా చెబుతాడు. ఆ చేత్తో తుపాకి ఎత్తి ఎలా నిలబెడతాడు?

ఫీజు కట్టొద్దని ఆయనకి చెప్పకు. కట్టమనీ చెప్పకు. మరేం చెయ్యాలో నాకు తెలియదు. నువ్వు ప్లోవ్దివ్‌లో నాలుగేళ్లు చరిత్ర చదివావు, ఆ మాత్రం తోచదా?

అత్త


బుర్గాస్,
మార్చి 19

అల్లుడూ,

మనియార్డరు వస్తుంది. రెండు వందల నలభై, పైన పరీక్ష ఫీజు. మొత్తం నాదే, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు, మిన్చోకి ముందు ఆ మాట చెప్పు.

అది నా లైసెన్సుకి కాదు. నీకు.

అక్షరం తప్పు చదవలేదు, ఇంకోసారి చదువుకో. నీకు. ఏప్రిల్‌లో పరీక్ష ఉంటుంది, రాయి. ఏడో పేరుగా నీది రాసుకో. గడువు లోపల దరఖాస్తు వేస్తే లెక్కలోకి తీసుకుంటారు, మిన్చో సంఘంలో కనుక్కుంటాడు. నా లైసెన్సు పోతే తుపాకి పోలీసులకి అప్పజెప్పాలి. ముందే నీ పేరు మీదికి మార్పించు. మా నాన్నది. బీరువా తాళం మీ అమ్మ దగ్గర ఉంది.

ఎందుకని అడగొద్దు. ఇంత డబ్బు పోసి కాగితం మేకుకి తగిలించుకుని క్రేన్లు చూస్తూ కూర్చోను. అంతే.

నువ్వక్కడ గంట నిలబడ్డానని రాశావు. నేను మొదటిసారి మా నాన్నతో వెళ్లినప్పుడు పావుగంటకే ఇంటికి పోదామన్నాను. నువ్వు గంట నిలబడ్డావు, అదీ ఆ చలిలో, ఒక్కడివే, తుపాకి లేకుండా.

మాటులో గుర్తు పెట్టుకోవాల్సింది. వీపు చెట్టుకి. బరువు రెండు కాళ్ల మీద. పంది కనబడేముందు వినబడుతుంది, వినబడేముందు పిట్టలు మానేస్తాయి. జోకులు లోపలే వేసుకో.

దోబ్రి

మీ అత్త నేను నడవడం మానాలంటోంది. అది గాలి కోసం కాదని ఆవిడకి ఎవరు చెప్పారో.


కోస్తినా,
ఏప్రిల్ 27

మాజీ మాటుదారు, ప్రస్తుత దాత, దోబ్రి మావయ్య గారికి,

తమరి మేనల్లుడు వేటగాడయ్యాడు. అడవిలోని సమస్త జీవరాశికీ సంతాపం తెలియజేయండి. లేదా అభినందనలు, నా గురి చూశాక ఏది సరైనదో మీరే నిర్ణయించండి.

రాత పరీక్షలో "గాయపడిన పంది ఎటు పరిగెడుతుంది?" అని అడిగారు. "ప్రశ్న వేసినవాడి వైపు" అని రాద్దామని చెయ్యి దురద పెట్టింది. కానీ అది నీ సిగరెట్ల డబ్బు కనుక బుద్ధిగా "పల్లానికి, నీళ్ల వైపు" అని రాశాను. తర్వాత కాల్పులు. పట్టాల మీద రేకు పంది పరిగెడుతుంది, ఐదింట మూడు తగలాలి. మొదటిది పట్టాకి తగిలింది. రెండోది ఎక్కడ తగిలిందో ఇంకా వెతుకుతున్నారు. తర్వాత నువ్వు రాసిన మాట గుర్తొచ్చి రెండు కాళ్ల మీదా నిలబడ్డాను. మూడూ తగిలాయి. పరీక్ష పెట్టినాయన, "ఇప్పటిదాకా ఒంటికాలి మీద ఉన్నావా?" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఉన్నానని చెప్పాను.

జట్టు నిలిచింది. సరిగ్గా ఏడు. మిన్చో బాబాయ్ జాబితా మీద సంతకం పెట్టి, నీ పేరు ఉండే వరుస మీద వేలు ఉంచి చాలాసేపు తియ్యలేదు. తర్వాత నాకేసి చూసి, "దోబ్రి మాటు, దోబ్రి తుపాకి, కూర్చునేవాడు మాత్రం ఈ కోతి" అన్నాడు. తర్వాత గ్లాసుల్లో రకియా సారా పోశాడు. ఒక గ్లాసు ఎక్కువ పోశాడు. అది అలా బల్ల మీద ఉండిపోయింది. మేమెవరం ముట్టుకోలేదు.

సిగరెట్ల డబ్బు అన్నానా? అలవాటు, నోరు జారింది. నాకేమీ తెలియదు.

నవంబరులో వేట మొదలవుతుంది. ఆదివారాలే. రా మావయ్యా. ఊరికే, పులుసు తాగడానికి. తుపాకి ఎవరి చేతిలో ఉంటే ఏం?

రదన్


బుర్గాస్,
అక్టోబరు 15

అల్లుడూ,

ఆర్నెల్లు జవాబు రాయలేదని మీ అమ్మ చేత తిట్టించావు. సరే.

రాయడానికి ఏముంది. వేసవిలో సముద్రం ఒడ్డున జనం. అందరూ ఒళ్లు విప్పుకుని పడుకుంటారు, ఒక్కడూ గాలి ఎటుందో చూడడు. మీ అత్త కాస్త నయం. మెషీను దగ్గర పక్క మంచం ఆమెకి జోకులు చెబుతోంది. నీవే అవి, ఉత్తరాల్లోవి.

ఊరికే పులుసు తాగడానికి రమ్మన్నావు. అందరూ అడవిలోకి పోయాక పొయ్యి దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరిగే ముసలివాణ్ణి నేను చూశాను. మంచివాడే. నేను కాలేను.

పది రోజులు దీని గురించే ఆలోచించాను. ఆసుపత్రి బల్ల మీద ఆలోచించడం తప్ప పని లేదు.

మాటులో ఉండేవాళ్లకి లైసెన్సు కావాలి. పందుల్ని తోలేవాళ్లకి అక్కర్లేదు కదా? నువ్వు కార్యదర్శివి, కాగితంలో చూడు. నువ్వు మాటులోకి వెళ్లావు, తోలేవాళ్లలో ఒకడు తగ్గాడు. ఆ చోటు ఖాళీయే కదా.

మిన్చో నవ్వుతాడని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు పిడుగు చెట్టు కింద కూర్చున్నవాడు రేకు డబ్బా కొట్టుకుంటూ ముళ్లల్లో పడి వస్తున్నాడని. నవ్వనీ.

ఆదివారం పొద్దున ఐదున్నరకి బస్సు ఉంది. మీ అత్త ఎప్పుడో కనుక్కుందట. ఆ రోజు ఇంటామె ఆవిడ దగ్గర కూర్చుంటానంది. ఇద్దరూ కలిసి నన్ను వెళ్లగొడుతున్నారు.

మోకాలి గురించి మాట్లాడకు. ఇంకే దాని గురించీ మాట్లాడకు.

దోబ్రి


బుర్గాస్,
నవంబరు 12

అల్లుడూ,

గొంతు పోయింది. మూడు రోజులుగా మీ అత్తకి చేతులతో చెబుతున్నాను. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఏ తేడా కనబడలేదంది. ఆసుపత్రిలో నర్సు కూడా నవ్వింది.

ఒక్క తుపాకీ పేలలేదు. పేలితే తోలేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగి నోరు మూసుకోవాలి, మిన్చో కొమ్ము ఊదేదాకా. పేలలేదు కాబట్టి నేను గట్టు అవతల నుంచి నీ చెట్టు దాకా అరుస్తూనే ఉన్నాను. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకున్న గుర్తు లేదు. రెండుసార్లు పడ్డాను. చొక్కా చిరిగింది. మీ అత్త కుడుతూ, ఇన్నేళ్లూ ఒక్క ముల్లు లేకుండా వచ్చేవాడివి, అసలు అడవికే వెళ్లేవాడివా అని అడిగింది.

పంది నీ ముందు నుంచే పోయిందని పొయ్యి దగ్గర అందరూ నిన్ను ఏడిపించారు. తుపాకి మొరాయించిందని చెప్పావు. మిన్చో "తుపాకి కాదు, కోతి మొరాయించింది" అన్నాడు. నేను ఏమీ అనలేదు. పదిమందిలో అనేది కాదు.

ఇప్పుడు అంటున్నాను. బస్సుకి ముందు నేను ఒంటికి పోసుకునే వంకతో చెట్టు దగ్గరికి వెళ్లాను. పెద్ద మగపంది. నీ బూట్ల గుర్తుల నుంచి పదకొండు అడుగులు. పరిగెత్తే పందికి గిట్టలు విచ్చుకుంటాయి. అది పరిగెత్తలేదు. నాలుగు గిట్టలూ మూసుకుని లోతుగా దిగాయి. చాలాసేపు నిలబడింది. నీ బూట్లు కూడా కదల్లేదు, బరువు రెండు కాళ్ల మీదా ఉంది. తర్వాత అది నడిచి వెళ్లిపోయింది. నడిచి.

ఆ తుపాకి మా నాన్న చేతిలో ఇరవై ఏళ్లు, నా చేతిలో ముప్పై ఏళ్లు. ఒక్కసారి మొరాయించలేదు. భయపడ్డావా? భయపడితే భయపడ్డానని రాయి, నేనూ భయపడ్డాను మొదటిసారి. జాలిపడ్డావా? అదైనా రాయి, అది కూడా జరుగుతుంది, లైసెన్సు వెనక్కిచ్చేద్దాం, వచ్చే ఏడు ఫీజు ఎవరిదో వాళ్లే చూసుకుంటారు. కానీ నా తుపాకి మీద నింద వెయ్యకు.

నిజం రాయి.

దోబ్రి


కోస్తినా,
నవంబరు 20

మావయ్యా,

ఈసారి బిరుదులు లేవు. మూడు కాగితాలు చించేశాను, మూడింట్లోనూ జోకులే వచ్చాయి.

తుపాకి బాగుంది. తుడిచి బీరువాలో పెట్టాను. దానికి క్షమాపణ చెప్పాను కూడా. ఇది జోకు కాదు, నిజంగానే చెప్పాను.

భయపడలేదు. జాలీ పడలేదు. అంత పంది, తలా నాలుగు కిలోలు వచ్చేది, పొయ్యి దగ్గర అందరూ నా మొహం మీద ఖాళీ పళ్లెం వాయించేవాళ్లు కాదు.

నేను నీ చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాను. కొమ్ము ఊదారు. చాలా దూరంగా, గట్టు అవతల, అరుపులు మొదలయ్యాయి. అందరి గొంతులూ నాకు తెలుసు, వాళ్ల మధ్య ఏళ్ల తరబడి నేనే అరిచాను. ఒక గొంతు మాత్రం తెలియలేదు. ఈ మనిషి ఎవరు, దోలెత్స్ నుంచి ఎవరైనా వచ్చారా అనుకున్నాను. నువ్వని తెలియడానికి కాస్త పట్టింది. ఎందుకంటే మావయ్యా, నువ్వు అరవగా నేను ఎప్పుడూ వినలేదు. పుట్టి ఇన్నేళ్లయింది, ఒక్కసారి కూడా వినలేదు. మాటులో ఉండేవాడివి, నోరు విప్పేవాడివి కాదు. ఇంట్లో కూడా మాటులోనే ఉండేవాడివి.

"లేవండి, లేవండమ్మా, ఎంతసేపు పడుకుంటారు!" అంటున్నావు పందుల్ని. పొలానికి జనాన్ని లేపుతున్నట్టు. తర్వాత ఎక్కడో పడ్డావు. ముళ్లని వాటి తాతల దాకా తిట్టావు. తిడుతూ తిడుతూ నవ్వావు. ఆ నవ్వు చెట్లకి తగిలి నా దాకా వచ్చింది. మళ్లీ అరుపు. అది గట్టెక్కింది, వాగులోకి దిగింది, కాస్త తగ్గింది, మళ్లీ పెరిగింది. రెండేళ్లు గట్టిగా మాట్లాడకూడదని రాసిన గోడ కింద కూర్చున్న మనిషి గొంతు అది.

పిట్టలు మానేశాయి. పంది వచ్చింది. నువ్వు రాసినట్టే పదకొండు అడుగులు, భుజం పూర్తిగా నా వైపు. తుపాకి ఎత్తాను. గురి సరిగ్గా కుదిరింది. ట్రిగ్గర్ మీద వేలు కూడా వేశాను.

అది నా వైపు చూడలేదు. చెవులు రెండూ వెనక్కి, నీ వైపు. అదీ వింటోంది. నేనూ వింటున్నాను. నువ్వింకా సగం కొండ అవతల ఉన్నావు.

ఇన్నేళ్లు తోలినవాణ్ణి, తుపాకి పేలాక అడవి ఎలా అయిపోతుందో నాకు తెలుసు. ఇంకాసేపు అనుకున్నాను. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటుండగానే అది వెళ్లిపోయింది.

కాలిస్తే నువ్వు ఆగిపోతావు మావయ్యా. అందుకే కాల్చలేదు.

రదన్